ముప్పై ఏడు అంగలు

నల్లగుట్టపల్లెలో ఎవరికైనా నేల కొలవాల్సి వస్తే తాలూకా నుంచి గొలుసు తెప్పించేవాళ్ళు కాదు. తలారి మునిరామయ్యను పిలిచేవాళ్ళు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, తిరుమల కొండ ఉన్న దిక్కుకు ఒక దండం పెట్టి, అతను అంగలు వేసుకుంటూ పోయేవాడు. ఒక్కో అంగ రెండున్నర అడుగులు. ఎండలోనైనా, బురదలోనైనా ఆ అంగ సాగేది కాదు, కుంగేది కాదు. ఒకసారి కరణం వేంకటాచలపతి వేళాకోళానికి సర్వే గొలుసు పరిపించి, దాని పక్కనే అతని చేత అంగలు వేయించాడు. నూరు అంగలకు జానెడు తేడా వచ్చింది. "గొలుసే సాగినట్టుండాదిరా," అన్నాడు కరణం. ఆ మాట ఊళ్ళో ముప్పై ఏళ్ళు నడిచింది.

గట్టు దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములు కూడా మునిరామయ్య అంగ వేసినాక మారు మాట్లాడేవాళ్ళు కాదు. పెళ్ళి పందిరికి గుంజలు పాతాలన్నా, కొత్తింటికి పునాది గీయాలన్నా, చివరికి పోయినవాళ్ళకు గుంత తవ్వాలన్నా అతను వచ్చి రెండు అంగలు వేసి చూపించాల్సిందే. దేనికీ కూలి అడిగేవాడు కాదు. "కాళ్ళు సామి ఇచ్చినాడు, నేల సామి ఇచ్చినాడు. మద్దెలో నాకేమి?" అనేవాడు.

అతనికి ఇల్లంటే అక్క కుప్పమ్మే. తల్లి పోయేనాటికి అతనికి అయిదేళ్ళు, ఆమెకు పన్నెండు. చంకనెత్తుకుని పెంచింది. ఆమె పెళ్ళయి పోయింది, నాలుగేళ్ళకు ముండమోసి తిరిగొచ్చింది. ఇతనికీ పెళ్ళయింది, ఆ ఇల్లాలు మొదటి కాన్పులోనే బిడ్డతో సహా వెళ్ళిపోయింది. ఆపైన ఇద్దరూ ఒకరికొకరుగా, ఒక పొయ్యి, రెండు చాపలతో బతుకు వెళ్ళదీశారు. అతను ఊరి పని మీద తిరిగి వచ్చేసరికి చెంబుతో నీళ్ళు గడప దగ్గర ఉండేవి. ముప్పై ఏళ్ళలో ఆ చెంబు ఒక్కనాడు కూడా వట్టిగా లేదని అతనే చెప్పేవాడు.

డెబ్బై తొమ్మిదిలో వరసగా రెండో ఏడు వానలు ఎగ్గొట్టాయి. వేరుశనగ మొలిచింది గానీ ఊడ దిగి కాయ పట్టలేదు. బావులు అడుగు తేలాయి. సర్కారు వాళ్ళు కరువు పని పెట్టారు: ఊరి నుంచి పాకాల రోడ్డు దాకా మట్టి రోడ్డు. కూలికి గోధుమలు. అరవై దాటిన కుప్పమ్మ కూడా గంపెత్తింది. గోధుమలు ఎట్లా వండాలో మొదట ఎవరికీ తెలియలేదు. తాయమ్మ అనే గట్టి నోటి మనిషి వాటిని విసిరి, రాగి సంగటి కెలికినట్టే కెలికి, "తినండే, నోట్లో అతుక్కుంటే మాట్లాడకుండా పడుంటారు," అని ఇంటింటికీ ఇంత పెట్టి నేర్పింది. ఆ సంగటే ఊరిని నిలబెట్టింది. ఆ పని వచ్చే ఆషాఢం దాకా సాగితే ఊరు బతుకుతుంది, లేకపోతే లేదు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

అంత కరువులోనూ ఊరు ఒక్క దాన్ని మాత్రం ఎండనివ్వలేదు. రైతు దామోదరం చేనులో బావి పక్కన రెండు సెంట్ల జాగా ఉంది. దాన్ని స్వామి పాలు, అంటే కొండమీది స్వామి వాటా, అనేవాళ్ళు. తాతల నాటి మొక్కు. ఆ జాగాలో పండిన వేరుశనగ కాయలు ఉడకబెట్టి, మార్గశిరంలో భజన చేసుకుంటూ నడిచిపోయి, శ్రీవారి మెట్టు ఎక్కే యాత్రికులకు దోసిళ్ళతో పంచిపెట్టేవాళ్ళు. ఎక్కలేక కూలబడిన ముసలివాళ్ళకు, చంటిబిడ్డల తల్లులకు ముందు. ఆ ఏడు ఆ జాగా తప్పిపోకూడదని ఆడవాళ్ళు వంతులేసుకున్నారు. రోడ్డు పని ముగించి వచ్చి, బావి అడుగున ఊరిన నీటిని చేంతాడేసి చేది, కడవలతో మొక్కమొక్కకూ పోశారు. వంతు లేనినాడు కూడా కుప్పమ్మ పోయేది. చుట్టూ చేను తుప్పు రంగులో ఎండిపోతే, స్వామి పాలు మాత్రం చిలక రెక్కలా పచ్చగా ఉండేది.

కార్తీకంలో కరణం మునిరామయ్యను చావడికి పిలిపించాడు.

"ఒరే, శుక్రవారం దొరలొస్తారంట. ఊరు శుభ్రం చేయించు."

"ఏ దొరలు సామీ? దొరలు పోయి ముప్పై ఏండ్లాయె కదా."

"ఆ దొరలు కాదురా. సలహా చెప్పే దొరలు. మన సర్కారే పిలిపించుకున్న్యాది. కరువు దుడ్డు యాడ పెట్టాల, ఎట్ల పెట్టాల అని నేర్పించేదానికి." కరణం ముక్కుపొడి పట్టు పట్టి తుమ్మాడు. "ఇన్నాళ్ళూ నాబోటిగాడు గట్టు మీద నిలబడి, కంటితో చూసి, పదహారణాలకు ఇన్నణాల పంట అని రాసేవాడు గదా. అది తప్పంట. కరణాలందరూ ఊరి మీద జాలితో తక్కువ రాస్తారంట. ఇంక కంటి అంచనా వద్దు, తవ్వి తూకమెయ్యండి అంటారు."

"మీరెన్ని రాసినారు సామీ?"

"రెండణాలు. అదీ ఎక్కువే."

ఆ సంగతి ఊళ్ళోకి పోయేసరికి వేరే రూపు తీసుకుంది. దొరలు ఊళ్ళు చూసుకుంటూ వస్తున్నారనీ, బాగున్న ఊరిని ఏరుకుని బోర్లు వేయిస్తారనీ అనుకున్నారు. "సంతకు ఆవును తోలేటప్పుడు కడిగి, కొమ్ములకు నూనె రాసి తోల్తాము గదప్పా," అన్నాడు దామోదరం. "పేడ పూసి తోలితే ఎవురు కొంటారు?" అందరికీ అది సబబుగానే తోచింది. మునిరామయ్యకూ తోచింది.

శుక్రవారం రెండు జీపులు వచ్చాయి. ఒక దాంట్లో పొడుగాటి దొర, ఇంకో దాంట్లో చిత్తూరు ఆఫీసు నుంచి జయరావు అనే చిన్న ఆఫీసరు. జయరావు చేతిలో అంకెలు అచ్చువేసిన కాగితం ఉంది. ఏ చేను కొలవాలో ఆ కాగితమే చెప్పింది: దామోదరం చేను. చేనులో ఏ చోట తవ్వాలో కూడా అదే చెబుతుందట. నైరుతి మూల నుంచి పొడవునా ముప్పై ఏడు అంగలు, అక్కడి నుంచి లోపలికి పద్నాలుగు. మనిషి ఇష్టం ఏమీ ఉండకూడదు, అదీ పద్ధతి.

"అంగలు ఎవరు వేస్తారు?" అన్నాడు జయరావు.

కరణం మునిరామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "వీడి అంగ గొలుసుతో సమానం సార్. మీరు టేపు లోపల పెట్టుకోండి."

జయరావు ఆ మాట దొరకు చెప్పాడు. దొర నవ్వి, మునిరామయ్య కాళ్ళ వైపు చూసి, గౌరవంగా తలవంచాడు.

మునిరామయ్య నైరుతి మూలకు పోయి నిలబడ్డాడు. కొలిచేవాడి కంటికి గూటం ఎక్కడ దిగుతుందో నడవకముందే తెలుస్తుంది. అది చేను నడిమధ్యన చవుడు తేలిన చోట పడుతుంది. అక్కడ మొక్కకు నాలుగు ఆకులు కూడా లేవు. దానికి నాలుగు అంగలు ఇవతలే స్వామి పాలు.

అప్పుడే కుప్పమ్మ బావి దగ్గర నుంచి కడవ ఎత్తుకుని వస్తోంది. దొర చూశాడు. నాలుగు అంగల్లో ఆమె దగ్గరికి పోయి, రెండు చేతులతో కడవ దించి నేల మీద పెట్టాడు. ఎండకు అతని ముఖం కందిపోయి ఉంది. ఆమె సైగ చేసి, తాగుతావా నాయనా అని అడిగింది. జయరావు వద్దు వద్దంటూనే ఉన్నాడు. దొర వంగి, ఊళ్ళో పాలేర్లు తాగినట్టే దోసిలి పట్టాడు. కుప్పమ్మ నీళ్ళు పోసింది. గటగటా తాగి, తడిచేతులు కళ్ళకద్దుకున్నాడు.

"దోసిలి పట్టినాడప్పా," అన్నాడు దామోదరం లోగొంతుకతో.

మునిరామయ్య ఆ దోసిలినే చూస్తూ నిలబడ్డాడు. ఏడు సముద్రాలు దాటి వచ్చినాయన, మన అక్క చేతి నీళ్ళు దోసిలి పట్టి తాగినాయన. అట్లాంటి అతిథికి చవుడు చూపిస్తామా? అన్నానికి కూర్చోబెట్టి మాడిన కూడు వడ్డిస్తామా? కొండ దిక్కుకు దండం పెట్టుకుని అంగ ఎత్తాడు.

"ఒకటి," అన్నాడు జయరావు. "రెండు."

బతుకులో మొదటిసారి మునిరామయ్య అంగ కురచ చేశాడు. ఒక్కో అంగకు కొంచెమే, చూసేవాళ్ళకు తెలియనంత. లెక్క తప్పలేదు. ముప్పై ఏడు అంగలే వేశాడు. ముప్పై ఏడో అంగ స్వామి పాలుకు సూటిగా పడింది. లోపలికి పద్నాలుగు వేసి, దాని గట్టు దాటి గూటం దిగ్గొట్టాడు. గూటం నుంచి అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు తాడు లాగారు. తవ్వారు. చెట్టుకు ఇరవై, ముప్పై కాయలు, నిండు గింజలు. దొర ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని తల ఊపాడు. తూకం వేశారు, కాగితం మీద రాశారు, ఆరబెట్టి మళ్ళీ తూయడానికి ఒక కిలో గుడ్డసంచిలో కట్టుకున్నారు.

జీపులు పోయాక కుప్పమ్మ తమ్ముడి దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు తవ్విన చోటు మీదే ఉన్నాయి.

"సామి పాలు తవ్వనిచ్చినావేరా?"

"సామి వాళ్ళ కోసరమే పెట్టినాడేమోక్కా. వాళ్ళూ యాత్రికులే గదా."

"అదీ నిజమేలే," అందామె. కడవ ఎత్తుకుని మిగిలిన మొక్కలకు నీళ్ళు పోయను పోయింది.

మార్గశిరంలో మిగిలిన కాయలు కొండకు పోయాయి. ఈసారి ఒక్కొక్కరికి దోసెడు రాలేదు, గుప్పెడే. ఎవరూ తక్కువైందనలేదు. మునిరామయ్య మెట్ల మీద నిలబడి, ఊరికి మంచి జరగబోతోందని అందరికీ చెప్పుకున్నాడు.

మాఘంలో తపాలు వచ్చింది. కరణం చావడిలో చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. నాలుగు ఊళ్ళు కొలిచారు. నల్లగుట్టపల్లెకు పదిహేనణాలు. సగటున పంట ఆరణాలు దాటింది. ఆరణాలు దాటితే కరువు కిందికి రాదు. పనులు నెలాఖరుకు నిలపవలసింది. ఆ గోధుమలు నిజంగా కరువున్న చోటికి పంపవలసింది.

"యాడ తవ్వినార్రా వీళ్ళు?" కరణం కాగితం పక్కన పడేశాడు. ఆరోజు అంగలు మొదలవగానే అతను ఎండకు తాళలేక జీపు నీడకు పోయాడు. "రెండణాల చేనులో పదిహేను అణాలు ఎట్లొస్తాయి? ఒరే మునిరామా, గూటం యాడ దిగింది?"

మునిరామయ్య నేల చూశాడు. చావడిలో ఉన్న నలభై మందికీ అప్పుడు అర్థమైంది. తాయమ్మే అంది: "ఆవును కడిగి తోలినాము. ఆవూ పాయె, పలుపూ పాయె." మునిరామయ్య వైపు తిరిగి, "అంగలు మా కడుపుల మీద ఏసినావు గదయ్యా," అని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మునిరామయ్య చిత్తూరు పోయాడు. ఆఫీసు మెట్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. జయరావు గుర్తుపట్టి, ముందు హోటలుకు తీసుకుపోయి అన్నం పెట్టించాడు. ఆకులో రెండో వడ్డన వేయించి, తినేదాకా ఏమీ అడగలేదు. మంచివాడే. తిన్నాక మునిరామయ్య లేచి, చేతులు కట్టుకుని అంతా చెప్పాడు. అంగ కురచ చేసింది, స్వామి పాలు సంగతి, ఆడవాళ్ళ కడవలు.

"నేను తప్పు సేసినాను సార్. నన్ను జైలుకైనా పంపీండి. మా ఊర్ని మాత్రం మళ్ళా కొలవండి."

"ఏం కొలవను పెద్దాయనా? పంట పీకేశారు కదా. చేలన్నీ దున్నిన నేల."

"కరణం సామి సెప్తాడు. ఊరంతా సెప్తాది. దొర మంచోడు, దోసిలి పట్టినాడు, ఆయన్ని అడగండి."

"దొరలు వెళ్ళిపోయారు. రిపోర్టు ఇచ్చేసి మద్రాసు నుంచి విమానం ఎక్కారు. ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారో." జయరావు వేళ్ళతో బల్ల మీద ఏదో గీసుకున్నాడు. "మిగిలిన మూడు ఊళ్ళకూ మూడు, నాలుగు, మూడు అణాలు వచ్చాయి. మీ ఊరి పదిహేనుతో సగటు పైకి పోయింది."

మునిరామయ్య వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "అంటే ఆ మూడు ఊళ్ళు గూడా?"

జయరావు తల ఊపాడు.

"మీరు చెప్పింది నేను నమ్ముతాను. పైకి రాస్తాను కూడా. కానీ వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. నోటిమాట నమ్మకూడదనే కదా ఈ కొలతలు తెచ్చింది? కొలత ఎక్కువ వచ్చిన ప్రతి ఊరూ ఇప్పుడు ఇదే చెబుతుంది అంటారు."

వస్తుంటే జయరావు లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చిచ్చాడు. ఆరబెట్టి తూయడానికి పట్టుకుపోయిన కాయలు. "ఇవి మీవే. తిరిగి ఇచ్చేయాలి, అది రూలు," అన్నాడు తల వంచుకుని. బస్సు చార్జీ కూడా చేతిలో పెట్టాడు. ఉత్తరం రాశాడో లేదో తెలియదు గానీ, రాసే ఉంటాడు. ఏ జవాబూ రాలేదు.

నెలాఖరుకు రోడ్డు పని ఆగింది. పాకాల రోడ్డు ఇంకో మైలు ఉందనగా, ఒక తుమ్మచెట్టు దగ్గర, చివరి గంప మట్టి పోసిన చోట పోసినట్టే ఉండిపోయింది. గోధుమల లారీ మళ్ళీ రాలేదు. ఒళ్ళు వంచగలిగినవాళ్ళు మద్రాసు పక్క ఇటుక బట్టీలకు, బెంగుళూరు మేస్త్రీ పనులకు వెళ్ళిపోయారు. ముసలివాళ్ళు మిగిలారు. చింతపిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి దంచి గంజి కాచుకున్నారు. దామోదరం తనకున్న రాగుల్లోంచి వారానికొకసారి ఒక శేరు తెచ్చి మునిరామయ్య గడపలో పెట్టి, పలకరించకుండా పోయేవాడు. తాయమ్మ తిట్టుకుంటూనే చింతపిక్కల పిండి తెచ్చేది. "నీ కోసరం గాదు, మీ యక్క కోసరం," అనేది. అతన్ని కొట్టి ఉంటే బాగుండేది. ఎవరూ కొట్టలేదు.

గుడ్డసంచి కాయలను కుప్పమ్మ ముట్టనివ్వలేదు. వాసానికి కట్టింది.

"అక్కా, కిలో కాయలుండాయి. ఉడకేసుకుంటే నాలుగు దినాలు గడస్తాది."

"సామియి. ఇత్తనం. వానొస్తే సామి పాలుకు ఏం ఏస్తావు, నీ తలకాయా?"

"సామి ఆకలితో ఉండమన్నాడా?"

"సామి ఏమన్నాడో నాకేం తెలుస్తాదిరా. నేనేమి మొక్కినానో నాకు తెలుసు."

గడప దగ్గర చెంబు మాత్రం నిండుగానే ఉండేది. గంజి అతనికి పోసి, తాను ముందే తాగినానని చెప్పేది. తాగలేదని అతనికి తెలుసు. కాదంటే ఆమె ముఖం చిన్నబోతుందని, ఆమె ఎదుటే తాగి, సగం గిన్నెలో వదిలేసి, కడుపు నిండిపోయినాదక్కా అనేవాడు. ఇద్దరూ ఇట్లా ఒకరికొకరు అబద్ధాలు చెప్పుకుంటూ చైత్రం దాటారు.

వైశాఖంలో ఆమెకు విరేచనాలు పట్టుకున్నాయి. పిక్కల గంజి పడలేదు. పాకాల ఆస్పత్రికి మోసుకుపోయేదానికి నలుగురు మగవాళ్ళు లేరు. అతనే భుజాన వేసుకుని బయలుదేరాడు. తుమ్మచెట్టు దాకా కొత్తరోడ్డు నున్నగా ఉంది. ఆ తర్వాత రాళ్ళు, ముళ్ళు. చిన్నప్పుడు తనను చంకనెత్తుకున్న మనిషి ఇప్పుడు గంపెడు మట్టి బరువు కూడా లేదు. తుమ్మచెట్టు నీడలో ఒకసారి దించమంది.

"మునిరామా."

"ఏమక్కా."

"దాహమని దోసిలి పట్టినాయనకు పెట్టినావు. అదే గదా నువ్వు సేసింది."

అతను పంచె కొంగుతో ఆమె ముఖం తుడిచాడు.

"ఇత్తనం ఎలకలు కొట్టకుండా సూడు," అంది. అదే చివరి మాట. మళ్ళీ ఎత్తుకోబోతే బరువు తేడా తెలిసింది.

సాయంత్రం చిన్నబ్బ పార తీసుకుని శ్మశానంలో నిలబడ్డాడు. ఊళ్ళో గుంతలు తవ్వే పని అతనిది. ఎప్పటిలాగే అడిగాడు: "ఎంత తవ్వాల్నో రెండంగలు ఏసి సూపించన్నా."

మునిరామయ్య పంచె ఎగగట్టుకోలేదు. కొండ దిక్కుకు చూశాడు గానీ చేతులెత్తలేదు. ఇంటికి పోయి, కుప్పమ్మ స్వామి పాలుకు నీళ్ళు చేదిన చేంతాడు తెచ్చాడు. ఆమె తల దగ్గర కొస పట్టి, పాదాల దగ్గర ముడి వేసి చిన్నబ్బ చేతికిచ్చాడు.

"దీంతో కొల్సుకోబ్బా. నా కాళ్ళను నమ్మొద్దు."

ఆ ఆషాఢంలో వాన పడింది. గుడ్డసంచి విప్పి, ఒలిచి, దామోదరం స్వామి పాలులో విత్తాడు. ఒక్క కాయ కూడా ఎలుక కొట్టలేదు. పంట ఓ మోస్తరుగా వచ్చింది. కార్తీకంలో జయరావు మళ్ళీ కొత్త అంకెల కాగితంతో వచ్చాడు. ఈసారి ఒక్కడే, బస్సులో. చేను గట్టు మీద మునిరామయ్యను చూసి, ముసలమ్మ లేరా అని అడగబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాడు.

"పొడవునా ఇరవై రెండు, పెద్దాయనా," అన్నాడు చివరకు.

మునిరామయ్య ముడి ఉన్న చేంతాడు అతని చేతికిచ్చాడు. ముడి నుంచి కొసకు, అక్క నిలువెత్తు, రెండంగలని చెప్పాడు. నైరుతి మూల నుంచి పదకొండు తాళ్ళు వేసుకుంటూ జయరావు తానే వంగి వంగి పోయాడు. గూటం ఎక్కడ దిగుతుందో మునిరామయ్య చూడలేదు. బావి దగ్గర కడవ ఉంది. దాన్ని ఎత్తుకుని, స్వామి పాలు వైపు చిన్న చిన్న అంగలు వేసుకుంటూ పోయాడు.